వేలు ఒత్తనన్న ఒట్టు

2011 సెప్టెంబరు, చివరి మంగళవారం. ఉదయం తొమ్మిదిన్నర. నానక్‌రామ్‌గూడ, అద్దాల భవనం, కింది అంతస్తు.

హాజరైనవారు: నేను, మేనేజరు గారు, గేటు దగ్గరి గార్డు, గోపన్‌పల్లి నుంచి హౌస్‌కీపింగ్ పనికి వచ్చే ఆమె, గోడకు బిగించిన వేలిముద్ర మిషన్.

హాజరు కానిది: కరెంటు.

ఆనాటి డైరీ పేజీ పైన ఇలా రాసి ఉంది. బడిపంతులుగా చేరిన రోజు నుంచి ప్రతి పేజీ మీదా తేదీ, వేళ, చోటు, హాజరైనవారు అని వరుసగా రాయడం నాకు అలవాటు. ఈ జాబితాలో ఒక తప్పు ఉంది. అది నాకు మరునాటి ఉదయం గాని తెలియలేదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, కొత్తగూడ నుంచి షేర్ ఆటోలో వెళ్ళి ఆ భవనంలో సగం పూట పని చేసేవాణ్ణి. హౌస్‌కీపింగ్ వాళ్ళ హాజరు రిజిస్టరు చూడడమే నా పని. పొద్దున్నే మేజా మీద రిజిస్టరు తెరిచిపెట్టేవాణ్ణి. వచ్చినవారు సంతకం పెట్టేవారు. పెట్టనివారి గడిలో ఎర్ర సిరాతో సున్నా చుట్టేవాణ్ణి. పైఅంతస్తుల్లోని ఇంజనీర్లకు వాళ్ళ కార్డులు వాళ్ళకుండేవి.

ఆ సెప్టెంబరులో తెలంగాణ కోసం సమ్మె జరుగుతోంది. బొగ్గు బావుల్లో పని ఆగింది. బస్సులు ఆగాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. సరిగ్గా అలాంటి నెల చూసుకుని, కరెంటు లేనిదే ఊపిరాడని మిషన్‌ను మా భవనంలో గోడకు బిగించారు.

దాంతోపాటు ఒక బోర్డు వచ్చింది. పచ్చటి చెట్టు బొమ్మ, దాని కింద 'కాగితం మానండి, చెట్టును బతికించండి' అని అక్షరాలు. బోర్డు రోడ్డుకు కనపడడం లేదని గేటు పక్కనున్న కానుగ చెట్టు కొమ్మలు రెండు కొట్టేశారు. అప్పటికీ కనపడకపోతే మూడోది కూడా కొట్టేశారు. మిషన్ చుట్టూ వచ్చిన థర్మకోల్‌ను గోపన్‌పల్లి ఆమె సంచిలో కుక్కి, ఎక్కడ పడేయాలని మేనేజరును అడిగింది. వెనకాల బండల్లో పడేయమన్నారు.

"అది కాలది, మురగది సార్. ఆవు గిట్ల తింటే సస్తది."

"ఆవులు ఇప్పుడెక్కడున్నాయమ్మా ఇక్కడ?" అన్నారాయన.

మేనేజరు గారు కోస్తా మనిషి. ఆదివారం ఆరాధనలో పాటలు పాడే గొంతు. కోప్పడినా పాడినట్టే ఉండేది. పాత రిజిస్టర్లన్నీ తుక్కుకు వేసేయమని ఆయనే చెప్పారు. నేను ఒక్కటి మాత్రం సంచిలో దాచాను. అందులో సగం పేజీలు తెల్లగానే ఉన్నాయి, డైరీకి పనికొస్తాయని.

మిషన్ పెట్టింది శుక్రవారం. ఇక మీదట భవనంలో అందరికీ అదే హాజరు, ఇంజనీరైనా చీపురు పట్టేవారైనా ఒకటే అన్నారు. వరుసగా మూడు పనిరోజులు వేలిముద్ర పడకపోతే పేరు దానంతట అదే జాబితా నుంచి పోతుంది. పోయిన పేరును మళ్ళీ ఎక్కించడం మేనేజరు చేతిలో కూడా లేదు.

ఆ శుక్రవారం ఉదయం మిషన్ ముందు పెద్ద వరుస. టై కట్టినవారు, మెడలో కార్డు వేసుకున్నవారు ఒక్కొక్కరే వచ్చి బొటనవేలు ఒత్తి వెళ్తున్నారు. వేలు ఒత్తగానే మిషన్ ఇంగ్లీషులో థాంక్యూ అంటుంది. గోపన్‌పల్లి ఆమె వంతు వచ్చింది. చేతులు కొంగులో చుట్టుకుని నిలబడింది.

"అమ్మా, అందరూ పెడుతున్నారు కదా. నువ్వూ పెట్టు" అన్నాను.

"పెట్టనియ్యిండ్రి సార్. ఆళ్ళకు ఎవ్వలు చెప్పలే గావచ్చు."

"ఏం చెప్పలేదు?"

"వేలిముద్ర ఏసుడు సిగ్గుమాలిన పని అని. మీరు మాకు చెప్పిన్రు కద."

చెప్పిన మాట నిజమే. వయోజనులకు చదువు చెప్పమని బడిపంతుళ్ళందరినీ ఊళ్ళ మీదికి పంపిన రోజుల్లో నాకు గోపన్‌పల్లి వంతు వచ్చింది. సాయంత్రం పొలం పని నుంచి వచ్చిన ఆడవాళ్ళు బడి అరుగు మీద పలకలు పట్టుకుని కూర్చునేవారు. ఆమెకు అప్పుడు కొత్తగా పెళ్ళయింది. ఆఖరి రోజున నేనొక తతంగం జరిపించాను. అందరిచేతా ఒక కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించి, ఇదే ఆఖరిది అని చెప్పి, ఆ కాగితం తగలబెట్టించాను. వేళ్ళు సబ్బుతో కడిగించాను. పలక మీద చెయ్యి పెట్టించి, సంతకం వచ్చాక ఇక వేలు ఒత్తనని ఒట్టు పెట్టించాను. సంతకం అంటే ఇంటిపేరు, పేరు, ఊరు, మూడూ ఉండాలన్నాను. ఊరు లేని సంతకం తోక లేని గాలిపటం అన్నాను. పిల్లల బడిలో చెల్లని హాస్యం అక్కడ బాగా చెల్లేది.

మేనేజరు గారు బతిమాలే పనిలో పడ్డారు.

"ఇది ముద్ర కాదమ్మా, బయోమెట్రిక్ అండి."

"పేరు మారిస్తే పని మారుతదా సార్?"

"సిరా కూడా లేదు కదండీ. వేలికి మరకే అంటదు."

"మరక అంటకుంట చేసేది గింకా పాడు పని."

"మా పాస్టరు గారైతే అసలు ఒట్టే పెట్టకూడదంటారండి."

"పెట్టినంక చెప్తే ఏం లాభం సార్?"

ఆయన నీరసపడి, "ఆ ఒట్టేదో తీసి గట్టున పెట్టండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నారు.

ఆమె కాసేపు నిజంగానే ఆలోచించింది. "గట్టేడున్నది సార్? మా ఊరి చెర్ల మట్టి నింపిన్రు. గట్టు మీద అపార్టుమెంట్లు లేచినయ్. ఏ ఫ్లాట్ల పెట్టమంటరు?"

ఆ రోజు డైరీలో ఇలా రాసుకున్నాను: 'ఈ ఉదయం ఎం.టెక్‌లు వేలిముద్ర వేశారు. సంతకమే పెడతానన్నది ఒక్క మనిషి. ఆమె నా విద్యార్థిని. సంతోషించాలో లేదో తెలియలేదు. మొదటి రోజు గైర్హాజరు.'

సోమవారం రెండో రోజు. నాకు ఆదివారమంతా మనసు మనసులో లేదు. భర్త తాపీ పనిలో పడి నడుము విరగ్గొట్టుకున్నాక ఆ ఇంటికి ఆమె జీతమే ఆధారమని నాకు తెలుసు. ఆ జీతానికి అడ్డం పడుతున్నది నేను ఎన్నడో పెట్టించిన ఒట్టు. అందుకని ఒక తెల్లకాగితం మీద 'నేను పెట్టించిన ఒట్టును నేనే రద్దు చేయుచున్నాను' అని గుండ్రంగా రాసి, తేదీ వేసి, కింద సంతకం చేసి ఆమె చేతిలో పెట్టాను. నేను నేర్పినట్టే వేలు పెట్టి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని చదివింది. చివరికొచ్చి ఆగింది.

"గీ కిందది ఏంది సార్, ఈత చాప లెక్కున్నది?"

"నా సంతకం."

"పేరు కనవడ్తలేదు. ఎవ్వలు రద్దు చేసిన్రో తెల్వకుంట ఎట్ల ఒప్పుకుంట?"

తప్పించుకోవడానికి అంటోందనుకున్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. రెండో రోజూ గైర్హాజరే.

మంగళవారం మూడో రోజు. ఆ రోజే బంద్. షేర్ ఆటోలు లేక నేను కొత్తగూడ నుంచి నడిచే వెళ్ళాను. భవనం గేటుకు ఎదురుగా నడిరోడ్డు మీద వంటావార్పు. మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద డేగిసా, అందులో కిచిడీ. జెండాలు, డప్పు, ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆడవాళ్ళు. ఇంజనీర్లు ఆ పొగలోంచి దగ్గుకుంటూ గేటు లోపలికి వస్తున్నారు. లోపల కరెంటు లేదు. బంద్ వల్ల డీజిలు రాలేదు. ఉన్న కాస్తా సర్వర్లకే అన్నారు. మిషన్ నల్లగా, నోరు మూసుకుని ఉంది.

పది కాకముందే మేనేజరు గారి ఫోనుకు హెడ్డాఫీసు నుంచి సందేశం వచ్చింది. ఈ రోజు హాజరు లేనివారిని బంద్‌లో పాల్గొన్నట్టు లెక్కిస్తామని, మిషన్ పనిచేయకపోతే మధ్యాహ్నంలోగా రిజిస్టరులో సంతకాలు తీసుకుని ఫొటోలు పంపమని.

"రిజిస్టరు ఎక్కడుందండీ?" అన్నారాయన నాతో, తుక్కుకు వేయమన్నది ఎవరో అయినట్టు.

నేను సంచిలోంచి తీసి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో అందుకున్నారు. తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. పెన్ను లేదు. వరుసలో నిలబడినవారు జేబులు తడుముకున్నారు, బ్యాగులు వెతికారు. వైర్లు వచ్చాయి, చార్జర్లు వచ్చాయి, పెన్ను మాత్రం ఒక్కరి దగ్గరా దొరకలేదు. నా ఎర్ర పెన్ను గైర్హాజరు పెన్ను. దాంతో హాజరు వేయడానికి నాకు చెయ్యి రాలేదు.

గోపన్‌పల్లి ఆమె దగ్గర నీలం పెన్ను ఉంది. పోతుందని మెడలోని కార్డు తాడుకు దారంతో కట్టుకుంది. విప్పి ఇమ్మన్నారు మేనేజరు.

"ఇయ్య సార్. ఇచ్చిన పెన్ను ఎన్నడన్న తిరిగొచ్చిందా?"

అందుకని ఆమెనే మేజా దగ్గర కూర్చోబెట్టాల్సి వచ్చింది. మొట్టమొదటి సంతకం ఆమెదే. ఇంటిపేరు, పేరు, గోపన్‌పల్లి, చివర చుక్క. మూడో రోజు ఆమె హాజరు పడింది.

ఆ తర్వాత ఒక్కొక్క ఇంజనీరే వచ్చి, దారం పొడవుకు తగ్గట్టు ఆమె ముందు వంగి, సంతకం పెట్టడం మొదలైంది. మొదటాయన గీత గీసి వెళ్ళబోయాడు. ఆమె పెన్ను లాగింది. దారంతోపాటు ఆయన చెయ్యీ వెనక్కి వచ్చింది.

"ఏంది సార్ గిది, కోడి గెలికినట్టు?"

"నా సంతకమే అమ్మా. బ్యాంకులో కూడా ఇదే."

"బ్యాంకోళ్ళు ఊకుంటరు గావచ్చు. పేరు రాయిండ్రి. ఊరు గూడ రాయిండ్రి."

ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. "తెలుగుల" అంది. "చదివేది నేనైతి కద."

వరుస ఆగిపోయింది. పెద్ద పెద్ద ప్రోగ్రాములు రాసేవారు తమ పేరును గాలిలో వేలితో రాసి చూసుకుంటున్నారు. ఒకమ్మాయి, "సార్, మా ఇంటిపేరులో ల కింద ల ఎలా వస్తుంది?" అని నన్నడిగింది. చూపించాను. ఇంకొకాయన ఒత్తును అక్షరం నెత్తిన పెట్టాడు. మరొకాయన పక్కన పెట్టాడు. గేటు దగ్గర్నుంచి గార్డు అదంతా చూసి, "వేలు ఒత్తుడు వస్తది, అక్షరానికి ఒత్తు రాదు" అన్నాడు.

మూడో అంతస్తు యువకుడొకడు తన వంతు రాగానే పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"తెలుగు మాట్లాడతాను ఆంటీ. రాయడం రాదు."

"ఏ ఊరు బిడ్డా?"

"కొత్తగూడ."

"మా పక్కూరే. బడికి పంపలేదా మీవోళ్ళు?"

"పంపారు ఆంటీ. ఎం.టెక్ చేశాను."

ఆమె నా వైపు తిరిగింది. "ఎం.టెక్ అంటే ఎన్నో తరగతి సార్?"

"దాదాపు చివరిది" అన్నాను.

"చివర్దాంక పోయి పేరు రాయరాకపాయె."

యువకుడు చెమట తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, "పోనీ, థంబ్ వేసేయనా ఆంటీ?" అన్నాడు.

ఆమె ముఖంలో నేను ఎన్నడూ చూడని జాలి కనపడింది. "గంత మాట అనకు బిడ్డా. నేనున్న కద" అని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. బడి అరుగు మీద నేను ఆమెకు దిద్దించినట్టే, అతని పేరు అడిగి ఒక్కొక్క అక్షరమే దిద్దించింది. అతని నాలుక కొస పెదవుల మధ్య నుంచి బయటికి వచ్చింది. దిద్దేటప్పుడు అందరికీ వచ్చినట్టే.

ఇదంతా రోడ్డు మీది నుంచి చూసేవారికి వేరేగా కనపడుతుందని మాకెవరికీ తోచలేదు. గేటు ఊచల్లోంచి ఒక జెండా లోపలికి వచ్చింది. "సాఫ్టువేరోళ్ళు గూడ తెలంగాణకు సంతకాలు పెడ్తున్నరు" అని ఎవరో అరిచారు. డప్పు జోరందుకుంది. చప్పట్లు.

మేనేజరు గారి గొంతు పాట మర్చిపోయింది. "ఇది అటెండెన్స్ అని వాళ్ళకు చెప్పు" అన్నారు గార్డుతో.

"చెప్తే ఏమైతదో ఎరికేనా సార్? బంద్ నాడు హాజరు తీస్తున్నరని లోపటికొస్తరు."

"చెప్పకపోతే?"

"చెప్పకున్నా లోపటికొస్తరు. గని చప్పట్లు కొట్టుకుంట వస్తరు."

మేనేజరు గారు చప్పట్లను ఎంచుకున్నారు. గేటు తెరిచారు. వచ్చినవారు క్రమశిక్షణ గలవారు, నేరుగా వరుసలో నిలబడ్డారు. ఇంటిపేరు, పేరు, ఊరు రాయమంటే వాళ్ళకు చెప్పించుకోవాల్సిన పని లేకపోయింది. పరిగి, సిద్దిపేట, మధిర, జనగామ. కొందరు జిల్లా కూడా రాశారు. "సంతకమంటే గిట్ల ఉండాలె" అని ఆమె ఇంజనీర్లకు చూపించింది. బంద్‌లో పాల్గొనలేదని రుజువు చేసే పుస్తకంలో బంద్ చేస్తున్నవారంతా సంతకాలు చేశారు.

"మేనేజర్ సార్ది మరిచిపోయినం" అంది ఆమె.

ఆయన పెన్ను పట్టుకుని, పేరు వరకూ రాసి, ఊరి దగ్గర ఆగారు. చుట్టూ జెండాలు. "ఊరు కూడా తప్పదా అమ్మా?" అన్నారు సన్నగా.

"తోక లేని గాలిపటం ఎగురుతదా సార్?"

రాశారు. ఆమె అలవాటు కొద్దీ పైకి చదివింది. "తె... నా... లి."

డప్పు ఆగింది. డేగిసాలోని కిచిడీ కుతకుతలు వినపడ్డాయి. జెండా పట్టుకున్న ఒక ముసలాయన తల ఊపుతూ, "చూడుండ్రి, తెనాలి సారు గూడ మనకు సంతకం పెట్టిండు" అన్నాడు. మొదటి విస్తరి మేనేజరు గారికే తెచ్చిపెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని తిన్నారు. రెండోసారి కూడా వడ్డించుకున్నారు. మధ్యాహ్నానికి ముందే పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి హెడ్డాఫీసుకు పంపారు.

మరునాటి ఉదయం కరెంటు ఉంది. మిషన్ మళ్ళీ థాంక్యూలు చెబుతోంది. నేను భయంతోనే లోపలికి వెళ్ళాను. మూడో రోజు గట్టెక్కింది కాని, ఇవాళ్టి నుంచి మూడు రోజుల లెక్క మళ్ళీ మొదలు. మేనేజరు గారు కంప్యూటరు ముందు, తల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నారు.

హెడ్డాఫీసులో తెలుగు వచ్చినవారు లేరు. సంతకాలు మాత్రం లెక్కపెట్టుకున్నారు. నగరమంతా బంద్‌లో ఉన్న రోజున మా భవనంలో ఉద్యోగుల సంఖ్య కంటే ఎక్కువ హాజరు ఉన్నందుకు అభినందనలు పంపారు. ఆ రిజిస్టరు నడిపిన వ్యక్తినే ఇక మీదట దానికి బాధ్యురాలిగా పెట్టమన్నారు. ఆమె హాజరు రిజిస్టరులోనే ఉండాలి, మిషన్‌లో అక్కర్లేదు. దానికొక ఫారం పంపారు. ఫారం చివర కోడిగుడ్డంత గడి, పక్కన ఇంగ్లీషులో 'ఎడమ బొటనవేలి ముద్ర' అని.

"ఈ ఒక్కసారికి ఒత్తించండి సార్" అన్నారు మేనేజరు నాతో. నేను ఆమె వైపు చూడలేకపోయాను.

ఆమె ఫారం తీసుకుంది. ఆ గడిలో ఇంటిపేరు రాసింది. దాని కింద పేరు. గోపన్‌పల్లికి చోటు చాలక గడి అంచు వెంబడి తిప్పుతూ చివరి దాకా రాసి చుక్క పెట్టింది. మేనేజరు గారు దాన్ని స్కాన్ చేశారు. గడిలో సిరా ఉందా లేదా అన్నదే కంప్యూటరుకు కావాలి. వేలిముద్ర అందింది అని తెర మీద వచ్చింది. ఆయన పైకి చూసి ఏదో గొణుక్కున్నారు. ప్రార్థనే అయ్యుంటుంది.

మూడో అంతస్తు యువకుడు మిషన్ మీద వేలు ఒత్తి, మళ్ళీ మేజా దగ్గరికి వచ్చి, అడగకుండానే రిజిస్టరులో పేరు రాశాడు. ఒత్తు కిందే పడింది, కొంచెం దూరంగా.

నేను నా కుర్చీలో కూర్చుని డైరీ తీశాను.

"సార్" అంది ఆమె నిన్నటి పేజీ తిప్పుతూ. "నిన్న మీ సంతకం లేదు."

చూశాను. నిజమే. తెనాలి ఉంది, పరిగి ఉంది. నేను లేను. మిషన్‌లోనూ లేను. డైరీలో హాజరైనవారి జాబితాలో మొదటి పేరు నాదే.

"రాత్రంతా ఫికర్ జేసిన సార్, మీకు సున్నా పడ్తదేమో అని" అంటూ పెన్ను చాచింది. దారం అందేంత దగ్గరికి వెళ్ళి వంగి, ఎప్పటిలాగే సంతకం గీశాను.

పెన్ను వెనక్కి లాగింది.

"గీ ఈత చాప నాకొద్దు. పేరు రాయిండ్రి."

జేబులో మొన్నటి రద్దు కాగితం ఇంకా మడిచే ఉంది. నేను ఇంటిపేరు రాశాను. పేరు రాశాను. మేనేజరు, గార్డు, యువకుడు చూస్తున్నారు. పెన్ను ఎత్తబోయాను.

"ఊరు సార్."

రాశాను. ఆమె అక్షరాల మీద వేలు పెట్టి, పైకి చదివి, చివర చుక్క తానే పెట్టింది.